జేమ్స్ యూరప్: ఒక రణవాద్యకుని చరిత్రము

మన చరిత్రకారులు యుద్ధములను వర్ణించునపుడు రాజులను, మంత్రులను, సేనానాయకులను పేరుపేరున స్మరింతురు. కోటల కొలతలు వ్రాయుదురు. ఏనుగులను, గుఱ్ఱములను, ఫిరంగులను లెక్కింతురు. వన్నెకెక్కిన గుఱ్ఱములకును పట్టపుటేనుగులకును గూడ పేరులు నిలిచియున్నవి. కాని దండు ముందు నడచి భేరి మ్రోయించినవాడెవడు? కాహళము పూరించి పిఱికివానికి సైతము ధైర్యము గలిగించినవాడెవడు? ఈ ప్రశ్నకు మన గ్రంథములలో ప్రత్యుత్తరము దొరకదు. వాద్యము పేరు నిలిచినది. వాద్యకుని పేరు నశించినది.

మన పల్లెలలోను ఇదియే న్యాయము చిరకాలము నడచినది. తప్పెట మ్రోగనిదే జాతర సాగదు. పెండ్లి ఊరేగింపు కదలదు. సర్కారు ఉత్తరువు జనులకు తెలియదు. ఆ తప్పెట కొట్టిన మాదిగ సోదరునికి మాత్రము ఊరిబావిలో నీరు లేదు, గుడి వాకిట చోటు లేదు. తప్పెట చప్పుడు చెవిని సోకిన మైల లేదట. తప్పెట కొట్టిన చేయి సోకిన మైలయట! కళను కోరుట, కళాకారుని రోయుట అను నీ రెండును ఒకే మనస్సులో ఎట్లిముడునో విచారింపవలసిన విషయము.

హైదరాబాదులో నాంపల్లికి సమీపమున ఏసీ గార్డ్స్ అను పేట యొకటి కలదు. నిత్యము ఆ త్రోవను పోవువారిలో ఆ పేరునకు అర్థమేమని యడిగినవారు కొలదిమంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అనగా ఆఫ్రికా జాతి ఆశ్వికదళము, అని దాని పూర్తి రూపము. వనపర్తి సంస్థానాధీశ్వరుడగు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతివారగు సిద్దీలను చేర్చి దళములుగా తీర్చెను. పిదప వారు నిజాము కొలువునకు వచ్చిరి. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ దళము రద్దయ్యెను. దళము పోయినది గాని, సిద్దీలును అరబ్బులును ఈ నగరమునకు తెచ్చిన మర్ఫా వాద్యము పోలేదు. నిజాము కాలపు ఉత్సవములలో మ్రోగిన ఆ మర్ఫా నేటికిని పెండ్లిండ్లలో మ్రోగుచున్నది. దానికి పాదము కదపనివారు హైదరాబాదులో నుండరు. కాని దానిని తొలుత మ్రోయించిన సిద్దీ సిపాయి పేరు చెప్పగలవారెవరు?

మన నగరపు ఆఫ్రికా వాద్యకుల చరిత్రలు ఇట్లు అజ్ఞాతములైనను, సముద్రముల కావల అదే ఖండమునుండి బానిసలుగ కొనిపోబడినవారి సంతతిలో ఒక రణవాద్యకుని చరిత్ర లిఖితమై నిలిచినది. అతడు జేమ్స్ రీస్ యూరప్. ఖండము పేరే అతని యింటిపేరగుటచే, చదువరులకు భ్రాంతి కలుగకుండుటకై ఈ వ్యాసమున అతనిని జేమ్స్ అనియే వ్యవహరింతును.

ఈ కథ తెలుగువారికి బొత్తిగా పరాయిది గాదు. కాచిగూడకు అనతిదూరమున సుల్తాను బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో వెలసెను. 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికా మండలి స్థాపింపబడెను. ఆ మండలి 1907లో ప్రకటించిన మొదటి గ్రంథము ఏది? కాకతీయుల చరిత్రయా? విజయనగర చరిత్రయా? కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. బానిసల సంకెలలు తెగిన కథను తెలుగువాడు తొలుత చదువవలెనని ఆ పెద్దలు తలంచిరి. లింకను 1865లో హతుడయ్యెను. అతని చరిత్ర అంతటితో ముగిసెను. సంకెలలు తెగినవారి బిడ్డల గతి ఏమాయెనను ప్రశ్న మాత్రము మిగిలిపోయెను. జేమ్స్ తండ్రి బానిసగా పుట్టినవాడు. కావున జేమ్స్ చరిత్రము లింకను చరిత్రమునకు ఉత్తరభాగమని యెంచి చదువవచ్చును.

జేమ్స్ 1880 ప్రాంతమున అమెరికాలో దక్షిణ రాష్ట్రమగు అలబామాలోని మొబీలు పట్టణమున జన్మించెను. తండ్రి సర్కారు కొలువున చేరిన ఉద్యోగి. తల్లి సంగీతము నేర్చినది. బాలునికి సుమారు పదియేండ్ల వయసున ఆ కుటుంబము రాజధాని యగు వాషింగ్టనునకు తరలెను. వారి యింటికి కొలది యిండ్ల దూరమున జాన్ ఫిలిప్ సూసా కాపురముండెను. అమెరికా నౌకాసైనికుల బ్యాండునకు నాయకుడై, దండు నడకకు తగిన పాటలు కట్టుటలో లోకప్రసిద్ధి గాంచినవాడతడు. ఆ బ్యాండులో ఉపనాయకుడగు ఎన్రికో హర్లీ యొద్ద జేమ్స్ ఫిడేలు నేర్చెను. ఇట్లు దండు సంగీతము బాల్యముననే అతని చెవిలో పడెను.

తండ్రి గతించిన పిదప, ఇరువదియవ శతాబ్ది యారంభమున, జేమ్స్ జీవనార్థమై న్యూయార్కు చేరెను. శాస్త్రీయముగ ఫిడేలు నేర్చిన నల్లవానికి ఆ మహానగరమున కొలువు దొరకలేదు. తెల్లవారి వాద్యబృందములలో చోటు లేదు. వినోదశాలలలో నల్లవారినుండి కోరబడినది మాండొలినును పియానోయు గాని ఫిడేలు కాదు. అతడు ఫిడేలు ప్రక్కన బెట్టి, అడిగిన వాద్యము వాయించి కడుపు నింపుకొనెను. పిదప నల్లజాతివారి నాటకసమాజములకు సంగీతదర్శకుడై పేరు సంపాదించెను.

ఆ కాలమున న్యూయార్కు ధనికులు విందులకును నృత్యములకును నల్లజాతి వాద్యకులను పిలిపించుచుండిరి. వారి సంగీతము లేనిదే విందు రక్తికట్టదు. కాని కొన్నియెడల ఆ వాద్యకులను పాత్రలు కడుగుటకు, వడ్డించుటకు కూలికి కుదిర్చి, తీరిక వేళ వాయింపుమనుట వాడుక. వాయించినందుకు ప్రతిఫలము అతిథులు విసరిన చిల్లర. జేమ్స్ ఈ యవమానమును చూచి పద్యములు వ్రాసి ఊరకుండలేదు. 1910లో క్లెఫ్ క్లబ్బు అను వాద్యకుల సంఘమును స్థాపించి దానికి అధ్యక్షుడయ్యెను. సంఘమునకు సొంత యిల్లు, టెలిఫోను ఏర్పడెను. వాద్యకులు కావలసినవారు ఆ కార్యాలయమును అడుగవలెను. వచ్చువారికి నిర్ణీతమగు వేతనము, ప్రయాణపు ఖర్చు, బస ఇయ్యవలెను. వాద్యకులును తెల్లని చొక్కా, నల్లని కోటు ధరించి, వేళకు వచ్చి, మర్యాదగ మెలగవలెను. ఇట్లు చిల్లర యేరుకొను చేతులకు ఒడంబడిక కాగితము లభించెను. సంగీతము వృత్తి, వృత్తికి వేతనము హక్కు, హక్కు దానము కాదు. జేమ్స్ చేసిన సంస్కారమునకు ఇదియే మూలసూత్రము.

1912 మే 2వ తేదీన ఆ సంఘమునకు చెందిన 125 మంది వాద్యకులు కార్నెగీ హాలులో కచ్చేరి చేసిరి. అమెరికాలో సంగీతమునకు అంతకు మించిన గౌరవపీఠము లేదు. హార్లెములో నల్లజాతి బాలురకు సంగీతము నేర్పు పాఠశాల కొరకు ఆ కచ్చేరి జరిగెను. పాశ్చాత్య వాద్యబృందమున ఫిడేళ్లు ప్రధానముగ నుండును. జేమ్స్ బృందమున మాండొలిన్లు, బాంజోలు, అనేక పియానోలు ప్రధానములు. ఇదేమి బృందమని విమర్శించినవారికి అతడిచ్చిన సమాధాన సారాంశమిది: తమ జాతికి తమ సంగీతము కలదు, తమ చేతికి వచ్చిన వాద్యములు కలవు, పరులను అనుకరించినచో మిగులునది చెడిన ప్రతి మాత్రమే. పరదేశపు ఫిడేలును తెచ్చి దానిచే కర్ణాటక రాగములు పలికించిన మనకు ఈ మాటలోని సత్యము సులభముగ బోధపడును.

1913లో విక్టరు గ్రామఫోను కంపెనీ అతనితో ఒడంబడిక చేసికొనెను. అట్టి గౌరవము పొందిన నల్లజాతి బృందనాయకులలో అతడు మొదటివారి శ్రేణిలోనివాడు. వెర్నన్, ఐరీన్ కాసిల్ అను ప్రసిద్ధ నర్తక దంపతులు అతని వాద్యమునకే తమ నూతన నృత్యములను కట్టిరి. ధనము, కీర్తి, సంఘబలము అన్నియు సమకూడినవి. ఇట్టి సమయమున అతడు 1916లో సిపాయిగ చేరెను. మన కాచిగూడ స్టేషను భవనము వెలసిన సంవత్సరమే యది.

అప్పటికి అమెరికా యుద్ధమున దిగలేదు. న్యూయార్కు రాష్ట్రసేనలో నల్లజాతివారికై 15వ పటాలము క్రొత్తగా ఏర్పడుచుండెను. అందు చేరిన మిత్రుడు నోబుల్ సిసిల్ తన స్మృతులలో జేమ్స్ ఉద్దేశమును తెలిపెను. హార్లెములోని అన్ని తరగతుల పురుషులను ఒకచోట చేర్చి వారికి శిక్షయు ఆత్మగౌరవమును నేర్పు సంస్థ కావలెనని అతని యాశయము. పటాలపు అధిపతి కర్నలు విలియం హేవర్డు మాత్రము మొదట బ్యాండును కోరెను. మంచి బ్యాండు ముందు నడచిన, దాని వెంట జనులు వచ్చి చేరుదురని అతని లెక్క. నియమము ప్రకారము పటాలపు బ్యాండునకు 28 మంది మాత్రమే. అది చాలదని జేమ్స్ పట్టుబట్టెను. ధనికుడొకడు 10,000 డాలర్లు విరాళమిచ్చెను. పిల్లనగ్రోవి, క్లారినెట్ మొదలగు ఊదు వాద్యములవారు న్యూయార్కులో కావలసినంతమంది దొరకకపోవుటచే జేమ్స్ పోర్టోరికో ద్వీపమునకు స్వయముగ పోయి వాద్యకులను కుదుర్చుకొని వచ్చెను. తరువాతి కాలమున ఆ ద్వీపమునకు గర్వకారణమైన గేయకర్త రఫేల్ హెర్నాండెజ్ వారిలో ఒకడు.

1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. న్యూయార్కునుండి ఇంద్రధనుస్సు పేరుగల సేన యొకటి ఊరేగింపుతో బయలుదేరెను. ఆ ఊరేగింపున నడచుటకు 15వ పటాలమునకు అనుమతి రాలేదు. ఇంద్రధనుస్సులో నలుపు రంగు లేదను సమాధానము వచ్చినదని ఆ పటాలపు చరిత్రలలో చెప్పుదురు.

ఆ యేడు అక్టోబరులో వారిని శిక్షణకై దక్షిణమున స్పార్టన్‌బర్గునకు పంపిరి. అక్కడ సిసిల్ వార్తాపత్రిక కొనుటకు హోటలొకదానిలో ప్రవేశింపగా, టోపీ తీయలేదను నెపమున దాని యజమాని అతనిని కొట్టెను. వాకిట నున్న నల్లసిపాయిలు అది విని క్రోధోద్దీపితులై లోనికి దూకిరి. వారితో తెల్లసిపాయిలును కొందరు చేరిరి. మరియొక నిమేషమున ఆ హోటలు నేలమట్టమగునదే. అప్పుడు జేమ్స్ గొంతెత్తి ఆజ్ఞాపించి వారినందరను శాంతపరచి వెలుపలికి పంపెను. అనంతరము తానొక్కడే ఆ యజమానిని సమీపించి జరిగినదేమని యడిగెను. అనేక పాటలు కట్టిన ఆ చేతికి తుపాకియు కలదు, వెనుక పటాలమును కలదు. ఐనను అతడు చేయి యెత్తలేదు. ఒక దెబ్బకు ప్రతిదెబ్బ తీర్చినచో తన జాతిలో సిపాయి యనువాడే మిగులడని అతడెఱుగును. పౌరుషము లేక కాదు, దూరదృష్టి కలిగి ఓర్చినాడు. ఆ యోర్పు విలువ తెలియనివారు దానిని దాస్యమని యందురు.

కొలది దినములకే ఆ పటాలమును అక్కడనుండి తొలగించి ఫ్రాన్సు దేశమునకు పంపిరి. 1918 జనవరి 1వ తేదీన వారు బ్రెస్టు రేవున దిగిరి. జేమ్స్ బ్యాండు ఫ్రెంచివారి జాతీయగీతమును వాయించెను. రేవున నిలిచిన ఫ్రెంచి సిపాయిలు తొలుత కదలలేదు. అది తమ గీతమే యని గుర్తింపలేకపోయిరి. కొన్ని ఆవృత్తములు గడచునప్పటికి వారి ముఖములలో ఆశ్చర్యము తోచెను. వెంటనే నిటారుగ నిలిచి వందనము చేసిరి. పాట వారిదే, నడక మాత్రము హార్లెమునుండి వచ్చినది. ఆ యేడు ఫిబ్రవరి 12వ తేదీన, లింకను జన్మదినమున, నాంత్ నగరపు నాటకశాలలో వారు కచ్చేరి చేసిరి. బానిస కుమారుడు ఫ్రెంచివారి నాటకశాలలో వేదిక నెక్కి, తన తండ్రిని స్వతంత్రుని చేసినవాని పుట్టినదినమును సంగీతముతో జరిపినాడు. అట్టి సన్నివేశమును కల్పించుటకు కవులును సాహసింపరు.

ఐనను అమెరికా సేనానులకు ఈ పటాలమును తమ తెల్లదళముల ప్రక్కన నిలుపుట ఇష్టము లేకపోయెను. దానిని ఫ్రెంచి సేనకు అప్పగించిరి. పేరు 369వ పటాలముగ మారెను. తుపాకులును శిరస్త్రాణములును ఫ్రెంచివారివి ఇయ్యబడినవి. స్వదేశము త్రోసిన సిపాయిలను పరదేశము తన సిపాయిలుగ అంగీకరించినది. బ్యాండునాయకునకు యుద్ధరంగమునకు పోవలసిన విధి లేదు. కాని జేమ్స్ అధికారి పరీక్షలో నెగ్గి లెఫ్టినెంటై, మరతుపాకుల దళమున పనిచేసి, కందకములలో తిరిగి, శత్రుపంక్తులపై జరిగిన రాత్రిదాడిలోను పాల్గొనెను. 1918 జూనులో విషవాయువు సోకి ఆసుపత్రి పాలయ్యెను. ఆ శయ్యపై పరుండియే రాత్రి గస్తీని గూర్చి యొక పాట కట్టెను.

కోలుకొనిన పిమ్మట అతనిని మరల బ్యాండునకే పంపిరి. పారిసులో ఆ బ్యాండునకు లభించిన ఆదరము అపారము. ఫ్రాన్సు దేశమున ప్రసిద్ధమగు గార్డ్ రిపబ్లికేన్ బ్యాండు నాయకుడొకడు జేమ్స్ యొద్దనుండి పాట స్వరములను వ్రాయించుకొని పోయి తన వారిచే వాయింపించెను. స్వరములన్నియు సరిపోయినవి, రక్తి మాత్రము రాలేదు. నల్లవారి బాకాలలో ఏదేని మర్మమున్నదేమో యని వాద్యములను చేతికి తీసికొని పరీక్షించిరట! అందులో మర్మమేమియు లేదు. తాళమున ఎచ్చట ఊనవలెనో ఎచ్చట విడువవలెనో అను ఆ తెలివి కాగితమునకు ఎక్కునది కాదు. గురుముఖమున సంగీతము నేర్చు మనదేశమున ఈ సంగతి ఎవరికిని చెప్పనక్కరలేదు.

ఆ పటాలము 191 దినములు యుద్ధముఖమున నిలిచెను. ఫ్రెంచి ప్రభుత్వము మొత్తము పటాలమునకు క్రువా ద గేర్ అను శౌర్యపతకము నొసగెను. 1919 ఫిబ్రవరి 17వ తేదీన వారు న్యూయార్కు ఐదవ వీథిలో విజయయాత్ర చేసిరి. ఇంద్రధనుస్సులో చోటు దొరకనివారిని చూచుటకు ఆ దినమున నగరమంతయు వీథికి వచ్చెను. ముందు జేమ్స్ బ్యాండు; వెనుక ఫ్రెంచి పద్ధతిని బారులుతీరిన సిపాయిలు. హార్లెము చేరిన పిదప వారి బారులలోనికి తల్లులు, భార్యలు, బిడ్డలు వచ్చి కలిసిరి.

తరువాత బ్యాండు దేశాటనము చేసెను. పాథే కంపెనీ ఇరువదికి పైగా పాటలను రికార్డు చేసెను. 1919 మే 9వ తేదీన బోస్టను నగరమున మెకానిక్స్ హాలులో కచ్చేరి. మరునాటి యుదయమున జేమ్స్ చేయవలసిన కార్యమొకటి కలదు. అమెరికా అంతర్యుద్ధమున పోరాడిన నల్లజాతి పటాలమునకును దాని నాయకుడగు రాబర్టు షాకును అక్కడ స్మారకశిల్పము కలదు. దానికి అతడు పుష్పమాల సమర్పింపవలెను. ఆ మాల సమర్పింపబడలేదు. ఆ రాత్రి కచ్చేరి విరామమున డ్రమ్ము వాయించు హెర్బర్టు రైట్ అను యువకుడు, తన్ను అన్యాయముగ మందలించుచున్నాడను కోపమున, చిన్న జేబుకత్తితో నాయకుని మెడపై పొడిచెను. గాయము స్వల్పమని అందరును తలచిరి. జేమ్స్ సైతము కచ్చేరి ఆపవలదని చెప్పి ఆసుపత్రికి పోయెను. కొన్ని గంటలలో అతడు మరణించెను. నలువది యేండ్లు నిండలేదు. జర్మనుల గుండ్లును విషవాయువును విడిచిన ప్రాణమును స్వజనుని జేబుకత్తి హరించెను.

మే 13వ తేదీన న్యూయార్కులో అతని అంత్యయాత్ర బహిరంగముగ జరిగెను. ఆ నగరమున నల్లజాతివానికి అట్టి గౌరవము జరుగుట అదియే మొదటిసారి యని చెప్పుదురు. మూడు నెలల క్రిందట విజయయాత్ర చేసిన వీథులలోనే బ్యాండు వెంట నడచెను. వాద్యములు మాత్రము మౌనముగ నుండెను. వీరసైనికుల శ్మశానమగు ఆర్లింగ్టనులో అతడు సమాధి చేయబడెను.

హెర్బర్టు రైట్ కథయు చెప్పకుండిన చరిత్ర సగమే యగును. అతడు నేరమొప్పుకొని శిక్ష పొంది, సుమారు ఎనిమిదేండ్లు కారాగారమున నుండి విడుదలయ్యెను. పిదప బోస్టనులో బాలురకు డ్రమ్ము నేర్పుచు కాలము గడపెను. అట్లు నేర్చిన బాలుడొకడు రాయ్ హేన్స్. అతడు జాజ్ సంగీతమున మహావాద్యకుడై 2024లో, నూరేండ్లకు కొలది నెలలు తక్కువగా, దీర్ఘాయువుతో గతించెను. గురువును చంపిన చేతినుండియే విద్య మరియొక చేతికి సంక్రమించినది. మనుష్యుని అతని యొక్క దుష్కార్యముతోనే కొలిచి త్రోసివేయరాదని ఈ చిన్న వృత్తాంతము బోధించుచున్నది.

ఇక ఫలమేమి? జేమ్స్ మరణించిన రెండు నెలలకే, 1919 వేసవిలో, వాషింగ్టను, షికాగో మొదలగు నగరములలో నల్లజాతివారిపై ఘోరమైన దౌర్జన్యములు జరిగెను. బ్యాండు వినుటకు వీథికి వచ్చిన దేశమే, బ్యాండు వాయించినవారి యిండ్లపై రాళ్లు రువ్వుటను చూచుచు ఊరకుండెను. ఇందువలన కళ వ్యర్థమని కొందరు తీర్పు చెప్పుదురు. కళవలననే సర్వము సిద్ధించునని మరికొందరందురు. రెండును సత్యములు కావు. సంగీతము ద్వారము తట్టగలదు. తలుపు తీయునది హక్కు. జేమ్స్ ఈ భేదమెఱిగినవాడు. అందుచేతనే అతడు పాటలు కట్టుటతో తృప్తిపడక సంఘమును కట్టెను, వేతనమును నిర్ణయించెను, పటాలమున చేరెను. అతడు విడిచిన పనిని మిత్రులు కొంత సాగించిరి. సిసిలును యూబీ బ్లేకును 1921లో నల్లజాతివారి సంగీతనాటకమును న్యూయార్కు ప్రధాన రంగస్థలమునకు ఎక్కించి జయము గాంచిరి. 369వ పటాలమునకు అమెరికా శాసనసభ స్వర్ణపతకము నిచ్చుటకు మాత్రము 2021 వరకు వేచియుండవలసి వచ్చెను. నూట రెండు సంవత్సరములు! అప్పటికి ఆ పటాలమున ఒక్కడును సజీవుడు కాడు.

మనకు ఇట్టి ప్రయత్నము లేకపోలేదు. జేమ్స్ న్యూయార్కులో వాద్యకులను కూర్చుచున్న దశకముననే హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల మూలమున అంటరానివారని త్రోయబడిన జనులలో విజ్ఞానమును వ్యాపింపజేసిరి. ఆయనయు కళను సాధనముగ గైకొని సంఘమును, పాఠశాలలను, హక్కును సాధ్యములుగ నుంచుకొనిరి. వేర్వేరు ఖండములలో, ఒకరినొకరెఱుగక, ఇరువురును ఒకే త్రోవను నడచిరి.

కావున ఈ చరిత్రనుండి మనము చేయదగిన పని యొకటి కలదు. ఏసీ గార్డ్స్ పేటలోని వృద్ధులు తమ పెద్దలనుగూర్చి చెప్పు కథలను, పల్లెలలో తప్పెట వాయించిన వంశముల పేరులను ఇకనైన వ్రాసి భద్రపరుపవలెను. జేమ్స్ పేరు నేడు మనకు తెలియుటకు కారణమేమి? మిత్రుడొకడు స్మృతులు వ్రాసెను. కంపెనీ యొకటి పాటలను రికార్డు చేసెను. పత్రికలు అతని మాటలను అచ్చువేసినవి. మన వాద్యకులకు ఈ మూడును లేవు. కచ్చేరి ముగిసిన వెంటనే మెచ్చుకొని యింటికి పోవుట శ్రోతకు చాలదు. తప్పెట విని ఆనందించిన చెవి, తప్పెట కొట్టిన మనుజుని పేరు అడుగుట నేర్చుకొనవలెను.